రోకలి బూట్ల చప్పుడు

"బతికున్న మనిషికి దయ్యం ఉంటదా అక్కా?" అని చిన్న కోడలు నా చెవిలో అడిగింది. ఆషాఢం రెండో ఆదివారం, మధ్యాహ్నం మూడు దాటింది. తొర్రూరులో వారం రోజులుగా తాళం వేసి ఉన్న ఫంక్షన్ హాలు తలుపు అప్పుడే తీశాం. ఐదుగురం గడప దగ్గరే ఆగిపోయి నేలకేసి చూస్తున్నాం. మామూలు రోజైతే ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని ఆమెను నెల రోజులు ఏడిపించేదాన్ని. నా నోటికి ఊళ్లో అంత మంచి పేరుంది. ఆ రోజు మాత్రం ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

ముందు మేమెవరమో చెప్పాలి. లేకపోతే పెళ్లిళ్లు చేసే హాల్లో ఆడవాళ్లకు ఏం పని అని మీరూ మా వీధివాళ్లలాగే అడుగుతారు. మేం రోలర్ డెర్బీ ఆడేవాళ్లం. నాలుగు చక్రాల బూట్లు తొడుక్కుని, కోడిగుడ్డు ఆకారంలో గీసిన దారిలో చుట్టూ తిరుగుతూ ఆడే ఆట అది. ఒకామె నెత్తిన నక్షత్రం టోపీ ఉంటుంది. ఆమె అవతలి జట్టువాళ్లను దాటుకుంటూ పోవాలి. ఎంతమందిని దాటితే అన్ని పాయింట్లు. వాళ్లు నడుముతో, భుజంతో ఆమెను అడ్డుకోవాలి. చేతులతో మాత్రం నెట్టకూడదు. చేతులు సొంత జట్టు కోసం. ముందున్న ఆమె వెనక్కి చూడకుండా చెయ్యి చాపుతుంది. వెనకనుంచి వచ్చే నక్షత్రం టోపీ ఆమె ఆ చెయ్యి అందుకుంటుంది. ముందామె ఒక్క ఊపుతో ఆమెను ముందుకు విసురుతుంది. అందిన చెయ్యి ఎవరిదో చూడకుండానే తెలిసిపోతుంది. ఈ ఆట మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అదే.

ఈ పిచ్చి మాకు అంటించింది ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరు. భూపాలపల్లి బొగ్గుబాయి కాలనీలో పుట్టి పెరిగిన మనిషి. అక్కడే చిన్నప్పుడు స్కేటింగ్ నేర్చుకుందట. ఈ ఆటలో ప్రతి ఒక్కరూ ఒక పోరు పేరు పెట్టుకుంటారు, అసలు పేర్లతో పని లేదు. నేనూ ఇక్కడ ఆ పేర్లే రాస్తాను. టీచరమ్మ బొగ్గు. బస్టాండు పక్క సందులో జాకెట్లు కుట్టే నేను సూది. పొద్దున్నే ఇడ్లీ బండి పెట్టే ఆమె, మా అందరిలోకీ భారీ మనిషి, రోకలి. మెడికల్ షాపులో పనిచేసే ఇరవై ఏళ్ల పిల్ల, రోజూ నర్సింహులపేట నుంచి బస్సులో వచ్చేది, మిర్చి. నక్షత్రం టోపీ దానిదే. ఎర్ర సాటిన్ ముక్కతో ఆ నక్షత్రం కుట్టింది నేనే. మిగిలిన ఇద్దరూ భూములూ రాజకీయాలూ ఉన్న ఒకే ఇంటి కోడళ్లు. "మాకు పేర్లొద్దు, మా మామకు తెలుస్తే ఉన్న పేరు గూడ పోతది" అన్నారు. అందుకని వాళ్లు పెద్ద కోడలు, చిన్న కోడలు. ఫంక్షన్ హాలు ఆ మామగారిదే. ఆదివారం పూట కోడళ్లు అక్కడ యోగా చేస్తున్నారని పెద్దాయన నమ్మకం.

ఆషాఢంలో ముహూర్తాలుండవు. ఊరందరికీ అది శూన్యమాసం, మాకు మాత్రం అదే సీజను. మిగతా నెలల్లో బడి గ్రౌండులో గరుకు సిమెంటు మీద మోకాళ్లు చెక్కుకుపోయేలా ఆడేవాళ్లం. ఆషాఢం రాగానే నున్నటి గ్రానైటు నేల, పైన కప్పు, చుట్టూ గోడలు. కానీ పెళ్లిలేని పెళ్లి హాలు ఎలా ఉంటుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. స్టేజీ మీద వధూవరుల సింహాసనాలు తెల్ల దుప్పట్లు కప్పుకుని కూర్చుని ఉంటాయి. కిందటి పెళ్లి పూలదండల దారాలు స్తంభాలకు వేలాడుతుంటాయి. కరెంటు తీసేసి ఉంటుంది కాబట్టి వెంటిలేటర్లలోంచి వచ్చేదే వెలుగు. మాట్లాడితే మన మాట అవతలి గోడ దాకా వెళ్లి, కొంచెం ఆలస్యంగా, ఇంకెవరో అన్నట్టు తిరిగొస్తుంది. మొదటి ఏడాది మేం అక్కడ గుసగుసలాడుకుంటూ ఆడాం, ఎందుకో మాకే తెలియదు.

హాలు పక్కనే రైస్ మిల్లు. దాని తవుడు ధూళి వెంటిలేటర్లలోంచి వచ్చి వారంలో నేలంతా పౌడర్ చల్లినట్టు పరుచుకునేది. అందుకని ప్రతి ఆదివారం ముందు ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, ఆరాక చాక్‌పీసుతో దారి గీయాలి. రంగు వెయ్యడానికీ టేపు అంటించడానికీ పెద్దాయన ఒప్పుకోడు. గీసే పని నాది. రోజూ బట్ట మీద గీతలు గీసే చెయ్యి కదా, తెగకుండా ఒక్క లాగులో గీసేదాన్ని. నేల మీద ఆ గీత తప్ప చిటికెడంత పొడి కూడా ఉండకూడదని బొగ్గు మొదటి రోజే చెప్పింది. అది చక్రం కింద పడితే మనిషి జారి పడుతుందని హెచ్చరించింది.

ఇక రోకలి బూట్ల సంగతి. అన్నీ బొగ్గు ఎక్కడెక్కడినుంచో సేకరించిన పాత బూట్లే. రోకలి కాళ్లకు పట్టే సైజు ఒక్క జతే దొరికింది. ఎడమ బూటు ముందుండే బ్రేకు రబ్బరు వదులై కిందికి జారి, నేలను రాసుకుంటూ ఉండేది. ప్రతి అడుగుకూ గర్ర్‌ర్ అని చప్పుడు. నేల మీద ధూళి ఉంటే చక్రాల ముందు సన్నటి గీత కూడా పడేది. బిగించుకోవే అని బొగ్గు ఎన్నిసార్లు స్పానరు చేతికిచ్చినా వినలేదు. "ఉండనీ మేడం. నేనొస్తున్ననని నాకన్న తెలవాలె గదా" అనేది. నాకూ ఆ చప్పుడు ఇష్టంగానే ఉండేది. అది పక్కన వినబడుతుంటే నన్నెవరూ పడెయ్యలేరనే ధైర్యం.

రోకలి పడింది ఆషాఢం మొదటి ఆదివారం.

ఆ రోజు చాక్‌పీసుతో దారంతా గీశాక నాకు ఇంకా తృప్తి కలగలేదు. మిగతావాళ్లు స్టేజీ వెనకున్న పెళ్లికూతురు గదిలో బూట్ల లేసులు కట్టుకుంటున్నారు. వంటగది మూల ఎవరో పెళ్లివాళ్లు వదిలేసిన ముగ్గుపిండి పొట్లం కనబడింది. స్టేజీ మెట్ల దగ్గర, దారి మలుపు తిరిగే చోట, లోపలి గీతను ఆనుకుని ఎనిమిది రేకుల పువ్వు వేశాను. జానెడు పువ్వు. వద్దని చెప్పారని నాకు గుర్తుంది. నా చేతి పనితనం చూసి వాళ్లు అబ్బా అనాలి, అంతే నా ఆశ. కళాపోషణ ఎక్కువైతే ఇలాగే ఉంటుంది.

బొగ్గు అవతలి చివర విజిల్ పట్టుకుని నిలబడింది. మేం నలుగురం గోడ కట్టి బయలుదేరాం. ముందు రోకలి, ఆమె పక్కన ఒక అడుగు వెనకగా నేను, మా వెనక కోడళ్లు. మిర్చి మమ్మల్ని చీల్చుకుని పోవాలి. మొదటి చుట్టులోనే, మలుపు దగ్గర, మిర్చి లోపలివైపునుంచి భుజం వంచి దూసుకొచ్చింది. అదే క్షణంలో రోకలి కూలిపోయింది. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. ఆ హాలు దాన్ని రెండోసారి కూడా వినిపించింది.

తర్వాత నేను చేసిన పని రాయడానికే ఈ నాలుగు పేజీలు. అందరూ రోకలి చుట్టూ మూగారు. కుడి కాలు మోకాలి కింద తప్పుడు దిక్కుకు తిరిగి ఉంది. ఆమె అరవడం లేదు, "అవ్వా, అవ్వా" అని సన్నగా అంటోంది. నేను ఆమె వెనక మోకాళ్ల మీద కూర్చుని, ఒక చేత్తో ఆమె వీపు నిమురుతూ, రెండో చేత్తో నా చున్నీ తీసి ఆ పువ్వు తుడిచేశాను. మూడు తుడుపులు. ఎవరూ చూడలేదు. పిండి మీద చక్రం జారి పడిందని, ఆ పిండి నాదని నాకు తెలుసు. చున్నీ మడిచి సంచిలో పెట్టుకున్నాను.

వరంగల్లో పెద్ద దవాఖానకు తీసుకుపోయి రాడ్లు వేయించారు. వరండాలో కూర్చున్నప్పుడు మిర్చి, "నా భుజం తాకిందో ఏమో అక్కా, నాకు యాదికొస్తలేదు" అంది. ఎవరైనా కాదంటారని దాని ముఖం ఎదురుచూసింది. కోడళ్లు తలలు వంచుకున్నారు. బొగ్గు, "ఆటల అయితయి, ఇగ దాని గురించి రోకలి ముందట ఎవలు మాట్లాడొద్దు" అంది. అందులో మిర్చి తప్పు ఉన్నట్టే ఉంది కదా. నేను నోరు విప్పలేదు. మిషను ముందు కూర్చుని ఒక్కదాన్నే అన్నం తినే దాన్ని నేను. ఆదివారాలు తప్ప వారంలో నాకు వేరే రోజు లేదు. నిజం చెబితే అవి పోతాయని భయపడ్డాను. పిరికితనానికి ఇంతకన్నా మంచి పేరు నాకు దొరకలేదు.

ఇప్పుడు ఆ రెండో ఆదివారానికి వస్తాను. తలుపు తీయగానే మాకు కనబడింది ఇది: నేలంతా తెల్లటి ధూళి, దాని మీద చక్రాల చారలు. పెళ్లికూతురు గది గుమ్మం నుంచి మొదలై, దారి వెంట వంపు తిరిగి, స్టేజీ మెట్ల దాకా వచ్చాయి. ఒకసారి కాదు, ఒకదాని మీద ఒకటి ఎన్నోసార్లు వచ్చాయి. ఎడమ చక్రాల ముందు సన్నటి గీత ఉంది. మలుపు దగ్గర అన్నీ ఆగిపోయాయి. అక్కడ ధూళి చెదిరిపోయి, ఒక మనిషి పడుకుని లేచినంత మేర నేల నల్లగా మెరుస్తోంది. దాని అవతల ఒక్క చార కూడా లేదు. వెళ్లినవాళ్లు వెళ్లారు, తిరిగి రాలేదు.

ముందు తలుపు నుంచి ఆ గది దాకా ఎక్కడా అడుగుల గుర్తులు లేవు. గదిలో చూస్తే రోకలి బూట్లు ఆ రోజు నేను పెట్టిన గూట్లోనే ఉన్నాయి. అప్పుడే చిన్న కోడలు ఆ ప్రశ్న అడిగింది. పెద్ద కోడలు గబగబా రోకలికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

"సచ్చిననుకున్నరా ఏందే?" అంది రోకలి. "కాలు ఇటుకల మీద పెట్టుకోని టీవీ చూస్తున్న. మీరు ఆడుండ్రి. ఔగని, మిర్చి నన్ను సూడనీకి రాదేందే? దానికేమన్న పానం బాగలేదా?"

మిర్చి నా పక్కనే నిలబడి ఉంది. ఫోన్ వైపు ఒక అడుగు వేసి ఆగిపోయింది. "షాపుల డ్యూటీలు ఎక్కువైనయట" అని నేనే చెప్పాను. అబద్ధం ఎంత సాఫీగా వచ్చిందో. ఫోన్ పెట్టేశాక మిర్చి ఎవరితో ఏమీ అనకుండా తడిగుడ్డ తెచ్చి ఆ చారలన్నీ తుడవడం మొదలుపెట్టింది. వంగినప్పుడు దాని మోచేతి దగ్గర పసుపుపచ్చగా మారుతున్న కమిలిన మచ్చ కనబడింది. "బస్సుల తాకింది" అంది. వాచ్‌మెన్ తాత మనవలెవరో దూరి ఆడి ఉంటారని బొగ్గు తేల్చేసింది. తాతకు మనవలే లేరని తర్వాత తెలిసింది.

ఆ రోజు ఆట ఆటలా లేదు. మిర్చి వెనకనుంచి వస్తుంటే కోడళ్లు చెయ్యి చాపేవారు, కానీ అది అందుకునేలోపే వెనక్కి తీసుకునేవారు. కావాలని కాదు, భయం. నేను కూడా అంతే చేశాను. నా భయం మాత్రం వేరు.

మూడో ఆదివారం చారలు ఇంకా ఎక్కువయ్యాయి. అదే గుమ్మం, అదే వంపు, అదే చోట ఆగడం. మనిషి పడుకున్నంత మచ్చ ఇప్పుడు ఇంకా వెడల్పయింది. చిన్న కోడలు ఇంటినుంచి నిమ్మకాయలూ పచ్చిమిరపకాయలూ గుచ్చి తెచ్చి తలుపుకు కట్టింది. "గాలి పట్టింది హాలుకు. రోకలక్క పానం ఇక్కడ్నే చిక్కుకున్నది" అని గట్టిగా నమ్మేసింది. ఆమెను వెక్కిరించే ధైర్యం నాకు లేదు. ఎందుకో చెబుతాను. ఆ చారలు ఆగేది మెట్ల దగ్గర అని మిగతావాళ్లు అనుకుంటున్నారు. అవి సరిగ్గా నేను చున్నీతో తుడిచిన జానెడు చోట ఆగుతున్నాయి. ఆ చోటు ఈ లోకంలో నాకు ఒక్కదానికే తెలుసు. మరి ఆ చక్రాలకు ఎలా తెలిసింది?

ఆ వారం పని మీద ధ్యాస నిలవలేదు. ఒకామె జాకెట్టుకు చేతులు తారుమారు చేసి కుట్టాను. దుకాణంలో మిషను ఆగినప్పుడల్లా గర్ర్‌ర్ అని వినబడేది. బుధవారం మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక దుకాణానికి తాళం వేసి బయలుదేరాను. మిట్టమధ్యాహ్నం పాడుబడిన చోట్లకు పోవద్దు, గాలి ధూళి తిరిగే వేళ అని మా అమ్మ చెప్పేది. నాకు తాళంచెవి లేదు. హాలు వెనక అంట్లు తోమే చోట ఇనుప గ్రిల్లు తలుపు గొళ్లెం సరిగా పడదని మాత్రం తెలుసు. మిల్లు ఆపేశారు, అన్నాల వేళ. ఎండ కూడా లేదు, మబ్బు. భోజనాల గది దాటి హాలు తలుపు దగ్గరికి వచ్చేసరికి లోపలినుంచి వినబడింది.

గర్ర్‌ర్. ఒక అడుగు విరామం. గర్ర్‌ర్.

 చప్పుడు వేగం పుంజుకుంది. దగ్గరికి వచ్చింది. తర్వాత దబ్బున ఒక దేహం నేలకు తగిలిన చప్పుడు, దాని ప్రతిధ్వని, ఆ తర్వాత ఏమీ లేదు. రోకలి చనిపోయిందనే నమ్మాను. ఉదయం ఆమెతో ఫోన్లో మాట్లాడాను, అయినా నమ్మాను. దండం పెట్టుకుని, "నేనే చేసిన, నన్ను పట్టుకో, వాళ్లనిడిచిపెట్టు" అని పైకే అన్నాను.

"ఎవలది?" అని లోపలినుంచి చిన్న గొంతు.

తలుపు నెట్టాను. మలుపు దగ్గర నేల మీద మిర్చి కూర్చుని ఉంది. నెత్తిన నేను కుట్టిన నక్షత్రం. కాళ్లకు రోకలి బూట్లు, వాటిలో కాళ్లు ఊగకుండా బట్టలు కుక్కింది. ధూళి ముఖం మీద, జుట్టులో. మోచేయి చెక్కుకుపోయి నెత్తురు వస్తోంది. దయ్యమే అయి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

"షాపు ఒంటిగంటకు మూస్తరక్కా, మూడింటికి తీస్తరు" అంది, నేను అడిగినట్టు. వెనక గ్రిల్లు తలుపు నుంచి గోడవార పరిచిన ఎర్ర కార్పెట్ మీదుగా గదిలోకి పోయేదట. బూట్లు తొడుక్కుని మలుపు దాకా వచ్చి, పడి, కూర్చునే జరిగి పక్కనే ఉన్న మెట్లెక్కి స్టేజీ మీదనుంచి మళ్లీ గదిలోకి. మళ్లీ మొదటినుంచి. అందుకే తిరిగొచ్చిన చారలు లేవు.

"ఎందుకే?" అన్నాను. 

"నేను తాకిన్నో లేదో తెల్వాలె గదక్కా. యాదికొస్తలేదు. ఎంత సోంచాయించినా కన్ను మూస్తే ఆమె పడుడే కనవడ్తది, నా భుజం కనవడదు. గందుకే ఆమె బూట్లేసుకోని ఆమె లెక్క పడి సూస్తున్న." ముక్కు తుడుచుకుంది. "నేను లోపల్నుంచి వచ్చిన. నేను తాకితే ఆమె బయటికి పడాలె, గోడ దిక్కు. ఆమె లోపలికి పడ్డది. అన్ని తీర్ల పడ్డనక్కా. ఒక్కసారి గూడ ఆమె పడ్డట్టు పడ్తలేను."

ఈ పిల్ల పదిహేను రోజులుగా అన్నం మానేసి, ఈ ఖాళీ హాల్లో ఒక్కతే, ఎముకలు విరగ్గొట్టుకునేంత పనిచేసింది. అంతా నా చున్నీలో మడతపెట్టి ఉన్న జవాబు కోసం. అప్పటికీ, ఆ క్షణంలో కూడా, చెప్పకుండా ఉండొచ్చని నా లోపల ఒకటి అంది. దాని నోరు నొక్కాను.

"ముగ్గు" అన్నాను. "అక్కడ నేను ముగ్గేసిన. పువ్వు. దాని మీద కాలు జారింది. నువ్వు అందరితోని ఆమెను సూస్తున్నప్పుడు నేను తుడిచేసిన."

మిర్చి నెత్తిన టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. "అయితే నేను తాకలేదా?" అని అడిగింది. "తాకలే" అన్నాను. మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను. మూడోసారి అడిగినప్పుడు దానికి ఏడుపొచ్చింది. దగ్గరికి తీసుకోబోయాను. వద్దన్నట్టు మోచేయి వెనక్కి లాక్కుని, కూర్చున్న చోటే లేసులు విప్పుకుంది.

ఆ సాయంత్రం షాపు మూశాక ఇద్దరం రోకలి ఇంటికి పోయాం. కూరగాయల మార్కెట్ వెనక రెండు గదుల ఇల్లు. మంచం మీద, కాలు ఇటుకల మీద. మిర్చిని చూడగానే, "ఇప్పుడు దొరికిందా నీకు తొవ్వ?" అని కసిరి, చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. నేను నిలబడే మొత్తం చెప్పాను. పువ్వు, పిండి, చున్నీ, వరండాలో నా మౌనం, షాపు డ్యూటీల అబద్ధం, హాల్లో మిర్చి పడిన మధ్యాహ్నాలు. ఒక్క మాట కూడా మింగలేదు. పిండి మీద చక్రం జారి నువ్వు పడ్డావు అన్నాను.

రోకలి తల అడ్డంగా ఊపింది. "జారలేదే. పువ్వు నాకు మంచిగ కనవడ్డది. ఎడమ కాలు సక్కగ దాని మీదికే పోతున్నది. ముగ్గు ఎట్ల తొక్కుతం? లేపిన. ఒంటి కాలు మీద నా అసుంటిది ఎంతసేపు నిలవడ్తది? లోపలికి పోయిన."

మిర్చి నోరు తెరుచుకుని వింటోంది. లోపలికి ఎందుకు పడిందో దానికి అప్పుడు తెలిసింది. మా ఇళ్లల్లో నడక వచ్చిన రోజునుంచి నేర్పేది అదే. వాకిట్లో ముగ్గు కనబడితే కాలు దానంతట అదే పక్కకు జరుగుతుంది, లేదా పైకి లేస్తుంది. ఆ కాళ్లకు చక్రాలున్నాయని రోకలి కాళ్లకు గుర్తులేదు. పువ్వు వేసేటప్పుడు నాకూ గుర్తులేదు.

"మరి ఎందుకు చెప్పలేదక్కా?" అని అడిగాను.

"ఏమని చెప్తనే? గంత పెద్ద మనిషి ముగ్గు తొక్కలేక కాలు ఇరగ్గొట్టుకున్నదంటే బొగ్గు మేడం నవ్వదా? మల్ల ఎవలేసిండ్రు అంటే నీ పేరు తియ్యాలె. ఏమో, మంచిగేసినవ్. నీకు మాటొస్తదని ఊకున్న." అక్కడిదాకా మామూలుగానే అంది. తర్వాత మిర్చి మోచేతికి కట్టిన గుడ్డను చూసింది. దాన్ని విప్పి చూసింది. నా వైపు తిరిగేసరికి ఆ ముఖం నేనెప్పుడూ చూడనిది.

"నీ పువ్వు తొక్కొద్దని నేను కాలు ఇరగ్గొట్టుకున్న. నువ్వు పోరిని తొక్కినవు గదే" అంది.

నేను వెళ్లిపోవడానికి గుమ్మం వైపు తిరిగాను.  రోకలే, "కూసో, చాయ తాగిపో" అంది. ఆమె అత్త చాయ పెట్టి తెచ్చింది. తాగాను.  లేచేటప్పుడు, తన బూట్లు మిర్చికే ఉండనీయమని, మళ్లీ తనకు కావాలంటే అడిగి తీసుకుంటానని చెప్పింది.

నాలుగో ఆదివారం మిగతావాళ్లకు చెప్పాను. పెద్ద కోడలు రెండు వారాలు నాతో మాట్లాడలేదు. చిన్న కోడలు తలుపుకు కట్టిన నిమ్మకాయలు విప్పుతూ, దయ్యం కానందుకు కొంచెం నొచ్చుకుంది. బొగ్గు నన్ను తిట్టలేదు. తడిగుడ్డ నా చేతికిచ్చి, ఇకనుంచి హాలు మొత్తం నువ్వొక్కదానివే తుడవాలి అంది. అప్పటినుంచీ నేనే తుడుస్తున్నాను. ఆ పై ఆదివారం నేల మీద ధూళి చెక్కుచెదరకుండా పరుచుకుని ఉంది. ఒక్క చార లేదు. దాన్ని చూస్తే నాకు అంతకుముందుకన్నా ఎక్కువ గుబులు పుట్టింది.

ఇప్పుడు పుష్యమాసం. మళ్లీ ముహూర్తాలు లేవు, హాలు మళ్లీ మాది. రోకలి రాడ్లతోనే వస్తుంది. పెళ్లికొడుకు సింహాసనం మీది దుప్పటి లాగేసి, దాన్ని మలుపు దగ్గరికి దింపించుకుని, అందులో కూర్చుని అందరినీ తిడుతుంది. నన్ను కొంచెం ఎక్కువ తిడుతుంది, నాకు అది హాయిగా ఉంటుంది. మిర్చి ఆమె బూట్లతో ఆడుతోంది, మూడు జతల సాక్సులు వేసుకుని. ఆ బ్రేకు రబ్బరు మిర్చి కూడా బిగించుకోలేదు. నాతో మామూలుగానే ఉంటుంది. నా డబ్బాలో కూర తింటుంది, అక్కా అంటుంది, చెల్లెలి పెళ్లికి జాకెట్లు నాకే ఇచ్చింది. జనగామలో స్కేటింగ్ చేసే ఆడపిల్లలు కొందరితో మాకో ఆట కుదిరింది. అందులో నేను మిర్చికి చెయ్యి ఇవ్వాలని బొగ్గు నిర్ణయం.

అందుకని ప్రతి ఆదివారం అదే సాధన. నేను ముందు పోతాను. వెనకనుంచి గర్ర్‌ర్ మొదలవుతుంది. ఎవరిదో తెలుసు, అయినా వెన్నులోంచి చలి పుడుతుంది. చప్పుడు దగ్గరవుతుంది. మలుపు వస్తుంది. వెనక్కి చూడకుండా చెయ్యి చాపుతాను. దాని ఊపిరి నా భుజానికి తగులుతుంది. ఆ తర్వాత అది నన్ను దాటి ముందుకు పోతుంది, నా చెయ్యి ఖాళీగా ఉంటుంది. "అయ్యో, అందలేదక్కా" అంటుంది ప్రతిసారీ, నిజంగానే బాధపడుతూ. మిగతా చోట్ల అందుతుంది. ఆ మలుపు దగ్గర ఇంతవరకు ఒక్కసారి కూడా అందలేదు. వచ్చే చుట్టులో మళ్లీ చాపుతాను.